రోడ్డు వెడల్పు చేస్తున్నారు, మా ఊరి వీరగల్లుని కాపాడుకోవడం ఎట్టా?

పెన్నఒడ్డు
మా ఊరు ఆత్మకూరుకి పడమర. చెరువు కట్ట దిగి రోడ్డెక్కే మలుపులో ఒక వీరగల్లు, అంటే పోరులో పడినవాడి గుర్తుగా నిలిపిన రాయి, ఉంది. పైకి కనిపించేది 3 అడుగులు, వెడల్పు రెండున్నర, మందం అర అడుగు. కుడిచేత కత్తి, ఎడంచేత డాలు పట్టిన మనిషి, కాళ్ల పక్కన రెండు ఆవులు, పైన సూర్యచంద్రులు. బొమ్మ కింద రెండు వరసల అక్షరాలున్నాయి. మూడో వరస మట్టిలోకి పోయింది. పెద్దోళ్లు ‘వీరన్న’ అంటారు, పశువులకి జబ్బు చేస్తే పాలు పోసేవాళ్లు. ఇప్పుడు పశువులే తగ్గినయ్, పాలు పోసేవాళ్లూ తగ్గినారు.

సమస్యలు మూడు. రోడ్డు వెడల్పు మార్కింగ్ రాయికి అవతల పడింది, అంటే రాయి రోడ్డులోకి పోతుంది. ఎవరో పుణ్యాత్ముడు ఒళ్లంతా సిల్వర్ ఎనామిల్ కొట్టి పెదాలకి ఎరుపు వేశాడు. కుర్రోళ్లు చందాలేసి, జేసీబీతో లేపి, సిమెంటు గద్దె కట్టి, టైల్స్ అంటించి, గ్రిల్లు పెడదాం అంటున్నారు. మనసు మంచిదే, కాదనను. ముందు ఏది చేయాలి, ఏది అస్సలు చేయకూడదు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పలకబలపం
సిల్వర్ రంగు, ఎర్ర పెదాలు. వీరుడు యుద్ధానికి పోతున్నాడా, పెళ్లికి పోతున్నాడా?

రాతిమనిషి_ఒంగోలు
ముందు జేసీబీని ఆపండి. రంగు సంగతి తర్వాత.

లెక్క చూడండి. గ్రానైటు ఘనపుటడుగు 75 కిలోల పైనే తూగుతుంది. మీ రాయి భూమిలోది కూడా కలిపి 5 అడుగులనుకుంటే, 5 x 2.5 x 0.5 అంటే ఆరుంబాతిక ఘనపుటడుగులు. అంటే 475 కిలోలు, అర టన్నుకి దగ్గర. జేసీబీకి అదొక బరువు కాదు, చిక్కంతా అక్కడే. డ్రైవరుకి బరువు తెలియదు, బకెట్ పళ్లు ఒక్క చోట ఆనతాయి, రాయి కింది భాగం ఇంకా భూమిలో బిగుసుకుని ఉంటుంది. పైన లాగితే నేలమట్టం దగ్గర టక్కుమని విరుగుతుంది. అక్షరాలుండేదీ సరిగ్గా అక్కడే. విరిగిన వీరగల్లు కనిపిస్తే ప్రతి పగులూ శత్రువు కొట్టిన దెబ్బ అనుకోవద్దు.

లేపక తప్పదు అనే పరిస్థితి వస్తే చైన్ బ్లాకు (గొలుసు కప్పీ), మూడు కాళ్ల స్టాండు, 2 టన్నుల నైలాన్ బెల్టులు రెండు. ఇనప గొలుసు రాయికి తగలకూడదు. బెల్టుకీ రాయికీ మధ్య గోతాలు నాలుగు మడతలు. చుట్టూ మట్టి చేత్తో పూర్తిగా తీసి, రాయి వదులైందని చూసుకున్నాకే ఎత్తాలి. లేపకుండా బయటపడే దారి ఉంటే మాత్రం లేపొద్దు. ఆ రాయి ఎక్కడుందో, ఎటు చూస్తోందో కూడా చరిత్రలో భాగమే.

శాసనాలపిచ్చి
ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది, ఖర్చు లేదు. రాత్రి ఒక టార్చి తీసుకుపోండి. చీకట్లో రాయికి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టుగా, వాలుగా వెలుగు పడేట్టు పట్టుకుంటే అక్షరాల గాడిలో నీడ నిలబడుతుంది. ఫోను కదలకుండా ఇటికల మీదో స్టాండు మీదో పెట్టి, టార్చిని మాత్రం ఎడమ, కుడి, పైన, కింద నాలుగు వైపుల నుంచీ మార్చి నాలుగు ఫొటోలు తీయండి. పగలు ఎదురెండలో ఏమీ కనపడని గీత రాత్రి చదవగలిగేట్టు వస్తుంది.

ఒక మీటరు స్కేలు రాయి పక్కన పెట్టి ఇంకో సెట్టు. ఆ తర్వాత రాయి చుట్టూ తిరుగుతూ 60 నుంచి 80 ఫొటోలు, ఒక్కోటీ ముందుదాంతో మూడింట రెండు వంతులు కలిసేట్టు. వాటితో కంప్యూటర్లో త్రీడీ నమూనా తయారవుతుంది. రేపు రాయికి ఏమైనా అయినా రూపం మిగులుతుంది.

దయచేసి సుద్దముక్కతో గీతలు దిద్దొద్దు, పిండి పూయొద్దు, నూనె రాయొద్దు. దిద్దినవాడి చేతిరాతే ఆ తర్వాత అందరూ శాసనంగా చదువుతారు.

ఉదయగిరి_గాలి
కత్తీ డాలూ ఉన్నాయంటే రాయలవారి కాలం అయ్యుంటుంది. ఉదయగిరి ముట్టడిలో పోయినవాళ్ల రాయి కావచ్చుగా?

శాసనాలపిచ్చి
@ఉదయగిరి_గాలి మన వైపు ప్రతి రాయినీ కృష్ణదేవరాయలకి ముడేయడం ఒక జబ్బు. ఉదయగిరి ఆయన చేతికొచ్చింది 1514లో. కత్తీ డాలూ అంతకు ముందు ఆరేడు వందల ఏళ్ల నుంచీ చెక్కుతూనే ఉన్నారు. కాళ్ల దగ్గర ఆవులుంటే మామూలుగా మందలు తోలుకుపోయే దొంగల్ని అడ్డుకుని పడినవాడు. సామ్రాజ్యాల యుద్ధంతో సంబంధం ఉండక్కర్లేదు, ఊరి కోసం పోయినవాడైతే చాలు.

కాలం తేల్చేది లిపీ, శక సంవత్సరమూ. శక అంకె దొరికితే 78 కలపండి. ఏడాది చివర్లో, అంటే జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే తిథులకి 79. దాంతోపాటు సంవత్సరం పేరు కూడా ఉంటే రెండూ సరిపోవాలి. శక 1436 పక్కన ‘భావ’ అని ఉంటే 1514కి సరిపోతుంది. అంకె ఒకటి చెప్పి పేరు ఇంకోటి చెప్తే ఎక్కడో మనం తప్పు చదివినట్టే.

ఇంకోటి. మీ ఊరి శాసనం ఇదివరకే అచ్చయి ఉండొచ్చు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలు మూడు భాగాలుగా వేశారు. తాలూకా వారీగా వరస నంబర్లుంటాయి. ఆ పుస్తకంలో కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, ఒంగోలు తాలూకాలు కూడా ఉన్నాయి, కాబట్టి ప్రకాశం వాళ్లు కూడా అందులోనే వెతకాలి. ఊరిపేర్ల ఇంగ్లీషు స్పెల్లింగులు ఇప్పటివి కావు, నాలుగు రకాలుగా చూడండి.

వెలికొండనీడ
నాకు ఇక్కడ ఒక అభ్యంతరం. ‘పిండి పూయొద్దు, నూనె రాయొద్దు’ అంటున్నారు. ఇన్నాళ్లూ ఆ రాయి ఎందుకు మిగిలింది? పూజ ఉంది కాబట్టి. పూజ లేని రాళ్లు ఎక్కడున్నాయో చూడండి: చాకిరేవులో బండలుగా, కాలవ మీద దాటుడు బల్లగా, తూము పక్కన మెట్టుగా. బొమ్మవైపు కిందికి తిప్పి వేస్తారు, నున్నగా ఉండే వెనకవైపు పైకొస్తుంది. పూజ మాన్పిస్తే రాయి శుభ్రంగా ఉంటుంది, ఊరు మాత్రం దాన్ని మర్చిపోతుంది.

రాతిమనిషి_ఒంగోలు
@వెలికొండనీడ పూజ ఆపమని ఎవరూ అనలేదు సామీ. నూనె రాయి మీద పడకుండా చేయమంటున్నాం. నూనె ఆరి జిగురవుతుంది, దానికి దుమ్ము, మసి పట్టి నల్లటి పెచ్చు కడుతుంది. కొన్నేళ్లకి ఆ పెచ్చు ఊడేటప్పుడు రాతి గింజల్ని కూడా లాక్కుంటుంది. అక్షరాలు నిండిపోయేది కూడా దీనివల్లే.

చేయాల్సింది సులువు. రాయికి రెండడుగుల ముందు ఒక చిన్న దీపం బండ, దానికి ఒక గుంట. నూనె, కొబ్బరికాయ, కర్పూరం, పాలు అన్నీ అక్కడ. రాయికి పూలదండ, పాదాల దగ్గర నేల మీద పసుపు. పెద్దోళ్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోనిది ‘ముట్టుకోవద్దు’ అనే బోర్డుకి.

వెలికొండనీడ
ఇదైతే ఒప్పుకుంటా. బండ మాత్రం ముందు పెట్టి, తర్వాత చెప్పండి. చోటు చూపించకుండా వద్దంటే ఎవరూ వినరు.

సర్వేనంబరు
రోడ్డు సంగతి ఎవరూ మాట్లాడలేదు. అసలు గడువు దానిదే.

1. మార్కింగ్ వేసింది ఎవరో తేల్చుకోండి. ఆర్‌అండ్‌బీనా, పంచాయతీరాజ్ ఇంజనీరింగా? రాయి కింద నేల ఏ సర్వే నంబరు, రోడ్డు పోరంబోకా, చెరువు పోరంబోకా, గ్రామకంఠమా? సచివాలయంలో సర్వేయరు చెప్తాడు. చెరువు పోరంబోకు అయితే మీకు కాస్త బలం.

2. గ్రామసభ తీర్మానం. గాలి మాటలు వద్దు. ఇట్టా రాయండి: ‘ఫలానా సర్వే నంబరులో, చెరువు కట్ట కింద, తూర్పుముఖంగా ఉన్న, ఇన్ని అడుగుల ఎత్తు ఇంత వెడల్పు గల శాసన సహిత వీరగల్లును ఉన్న చోటు నుండి తరలించరాదని, రోడ్డు డ్రైను లైనును దాని నుండి ఒక మీటరు ఎడంగా వేయవలసినదని తీర్మానించడమైనది.’ కింద ఫొటో అంటించి సర్పంచి, కార్యదర్శి సంతకాలు. తీర్మానం నంబరు, తేదీ లేకపోతే అది కాగితమే.

3. దాని నకలు ఇంజనీరు ఆఫీసుకి, కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌లో, రాష్ట్ర పురావస్తు శాఖకి. మూడుచోట్లా రసీదు అడిగి తీసుకోండి.

రోడ్డు మొత్తం జరపమంటే ఎవరూ జరపరు. డ్రైను ఒక మీటరు వంచమంటే జరుగుతుంది, ఎస్టిమేట్‌లో పెద్ద తేడా రాదు కాబట్టి. తారు వేశాక అడిగితే మాత్రం ఏ ఇంజనీరూ ఏమీ చేయలేడు.

ఉదయగిరి_గాలి
కేంద్రం వాళ్ల చేత రక్షిత కట్టడంగా ప్రకటింపచేస్తే ఒక్క దెబ్బకి అన్నీ తేలిపోతాయిగా?

సర్వేనంబరు
@ఉదయగిరి_గాలి తేలవు, ముడిపడతాయి. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు కట్టడాలు నిషేధం. ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. ఊరి మధ్యలో రాయికి అది తెప్పిస్తే చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లే రాత్రికి రాత్రి రాయిని చెరువులో వేస్తారు. రాష్ట్రానికి 1960 చట్టం వేరే ఉంది. ఒంటి వీరగల్లుకి ముందు కావాల్సింది పంచాయతీ రికార్డులో పేరు, పురావస్తు శాఖ దగ్గర ఫొటోతో సమాచారం.

వందేళ్లు దాటిన శిల్పం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువే, రక్షిత జాబితాలో లేకపోయినా సరే. లైసెన్సు లేకుండా దాంతో వ్యాపారం చేయడం, దేశం దాటించడం నేరం. ఆ మాట కుర్రోళ్లకి చెప్పి ఉంచండి.

గుండ్లకమ్మ_నీళ్లు
@పెన్నఒడ్డు ఇక్కడ ఫొటోలు పెట్టేముందు లొకేషన్ తీసేయండి. ఊరిపేరు కూడా పెట్టొద్దు. వీరగల్లు కింద నిధి ఉంటుందని తవ్వే బ్యాచీలు వెలికొండల రెండు వైపులా ఉన్నాయి. సూర్యచంద్రుల బొమ్మ చూస్తే వాళ్లకి నిధి గుర్తులాగా కనిపిస్తుంది. ఆ గుర్తు అర్థం ‘సూర్యచంద్రులున్నంత కాలం ఈ కీర్తి ఉంటుంది’ అని మాత్రమే.

కొత్తగా తవ్విన మట్టి, పసుపు కుంకుమ, కోసిన నిమ్మకాయలు, రాయి ఒక పక్కకి ఒరగడం: ఇవి కనిపిస్తే పంచాయతీకీ పోలీసులకీ చెప్పాలి. నిజంగానే ఏదైనా దొరికినా 1878 నాటి నిధుల చట్టం ప్రకారం 10 రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలపాల్సిందే.

పలకబలపం
10 రూపాయలా! ఇప్పుడు టీ కూడా రాదు.

సున్నంబట్టీ
సిమెంటు గద్దె అన్నారు చూశారా, దాని గురించి. సిమెంటు గట్టిగా ఉంటుందనే దానితో చిక్కు. నీళ్లు బయటికి పోనివ్వదు, అందులోని ఉప్పు రాయి పాదంలోకి ఎక్కుతుంది. మన జిల్లాలో చౌడు నేలలు తక్కువా? నేలలో ఉప్పు, సిమెంటులో ఉప్పు రెండూ కలిసి జానెడు ఎత్తులో తెల్లగా పూస్తాయి, పొర ఊడుతుంది. గట్టి గ్రానైటు కొన్నాళ్లు తట్టుకుంటుంది. నాపరాయి, పలకరాయి అయితే తట్టుకోదు. పైగా రేపు తీయాలంటే సిమెంటుతో పాటు రాయి కూడా వస్తుంది.

గుంత ఇట్టా చేయండి. రాయి అడుగు నుంచి ఇంకో అర అడుగు లోతు. అడుగున 40 ఎంఎం కంకర అర అడుగు, నీళ్లు దిగిపోడానికి. దాని మీద రాయి. చుట్టూ ఇటిక ముక్కలు, ముతక ఇసుక, సున్నం కలిపి అర అడుగుకొక పొర, ఒక్కో పొరా చెక్క దిమ్మతో కూరాలి. పై నాలుగు అంగుళాలు మాత్రం సున్నపు గచ్చు, రాయి నుంచి బయటికి వాలుగా, వాన నీళ్లు పాదం దగ్గర నిలవకుండా.

పాళ్లు: సున్నం 1, సుర్ఖీ (ఇటిక పొడి) 1, ఇసుక 2. సున్నం కనీసం మూడు వారాలు నీళ్లలో నానినదై ఉండాలి. సంచి విప్పి అప్పుడే కలిపేది పనికిరాదు, లోపల ఉడకని గడ్డలు తర్వాత ఉబ్బి పగలగొడతాయి. ఇసుక పెన్న ఇసుక, సముద్రపు ఇసుక వద్దే వద్దు. నీళ్లు మంచినీళ్లు, ఉప్పు బోరు వద్దు.

పెన్నఒడ్డు
సున్నం అన్నీ బాగానే ఉన్నాయి గానీ, రాయి కదపొద్దన్నారు కదా, గుంత ఎందుకు?

సున్నంబట్టీ
@పెన్నఒడ్డు కదపకపోతే గుంత అక్కర్లేదు. చుట్టూ నీళ్లు పోయే కాలవ, పైన గచ్చు వాలు చాలు. నేను రాసింది కుర్రోళ్లు గద్దె కడతామంటే దానికి బదులు.

రాతిమనిషి_ఒంగోలు
మూడో వరస మట్టిలోకి పోయింది అన్నారు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడం వల్ల నేల పెరిగి ఉంటుంది, రాయి దిగి ఉండదు. రాయిని లేపే బదులు నేలని దించండి. నేల మీద, రాయికి అడుగున్నర వెడల్పులో, చేతి తాపీతో రెండేసి అంగుళాలు తీసుకుంటూ పోండి. గడ్డపార, పలుగు రాయి దగ్గరికి రాకూడదు. తీసేముందు వెనకాల, పక్కల సర్వి బాదులు (సరుగుడు కర్రలు) ఊతం పెట్టి, మధ్యలో గోతం పట్టా వేసి కట్టండి. అర అడుగు తీశాక ఆగి, రాయి కదిలిందేమో చూడాలి. దారానికి గుండు కట్టి వేలాడదీస్తే తెలుస్తుంది.

చివరి వరస కింద చదును చేయని, చెక్కని గరుకు రాయి మొదలవుతుంది. అదే పాత నేలమట్టం. అక్కడ ఆపాలి. ఇంకా కిందికి పోతే రాయి ఒరుగుతుంది. కుండపెంకులు, ఎముకలు తగిలితే పని ఆపి మట్టి మళ్లీ కప్పి, పురావస్తు శాఖకి చెప్పాలి.

ఇక రంగు. ఉన్న రంగు కొన్నాళ్లుండనీయండి, అది రాయిని తినేయదు. తొందరపడితే తీసేటప్పుడే నష్టం. వైరు బ్రష్, ఉప్పు కాగితం, ఆసిడ్, గ్యాసు మంట, కార్లు కడిగే ప్రెషర్ మిషన్ ఇవన్నీ నిషేధం. వెనకవైపు చిన్న మూల, అగ్గిపెట్టె అంత చోట ముందు పరీక్ష. మిథిలీన్ క్లోరైడ్ లేని జెల్ స్ట్రిప్పర్ బ్రష్‌తో పూసి, పాలిథిన్ కప్పి అరగంట ఆగండి. మెత్తబడ్డాక వెదురు పుల్లతో, చెక్క గరిటతో తీసి, నీళ్లతో, నైలాన్ బ్రష్‌తో కడగాలి. ఒక్కసారికి మొత్తం రాదు, మూడు నాలుగుసార్లు చేయాలి. అక్షరాల గాడిలో చివరి చుక్క రాకపోతే వదిలేయండి. గాడి గీకితే అక్షరం మారుతుంది. చేతులకి తొడుగు, ముక్కుకి మాస్కు. పాత ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు.

చావడిఅరుగు
కొంచెం పక్కదారి, అయినా ఇక్కడే అడుగుతా. మా ఊరి పాత చావడి గోడలో ఒక తెల్లరాయి పలక ఉంది. ఈ ఊరి నుంచి ఇంతమంది 1914–1919 మహాయుద్ధానికి వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఇంగ్లీషులో ఉంటుంది. పేర్లు లేవు, అంకెలే. చావడి పడగొడుతున్నారు. దాన్ని చింతపండుతో తోమి కొత్త భవనంలో పెడదాం అంటున్నారు.

రాతిమనిషి_ఒంగోలు
చింతపండు వద్దు! నిమ్మకాయ కూడా వద్దు. ఇత్తడి బిందెకి పనికొచ్చేది పాలరాయికి విషం. పులుపు తగలగానే మెరుగు పోయి, ఉపరితలం సుద్దలా అయిపోతుంది. మంచినీళ్లు, రెండు చుక్కల పాత్రల లిక్విడ్, మెత్తటి గుడ్డ. పైన సున్నపు పూత ఉంటే తడిపి, వెదురు పుల్లతో పొరలు పొరలుగా ఊడదీయాలి.

తీసేటప్పుడు పలక అంచులో ఉలి పెట్టొద్దు. పలకకి అరడుగు ఎడంగా చుట్టూ గోడ కోసి, ఆ ముక్కతో సహా బయటికి తీయండి. తర్వాత వెనకాల నుంచి ఇటికలు ఒక్కొక్కటీ వదిలించాలి. లోపల ఇనప కొక్కేలుంటాయి, తుప్పు పట్టి ఉబ్బి ఉంటాయి. లాగొద్దు, కోసేయండి. కొత్తచోట ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో కొక్కేలు వాడండి. తీసుకుపోయేటప్పుడు పలకని నిలబెట్టి తీసుకుపోవాలి, పడుకోబెడితే ట్రాక్టరు కుదుపుకి మధ్యకి విరుగుతుంది. గడ్డి, దాని మీద దుప్పటి.

ఉదయగిరి_గాలి
బ్రిటిషువాళ్ల యుద్ధానికి మనం ఎందుకు పలక కాపాడాలి? తెల్లోడి జీతానికి పోయి చచ్చిపోయారు.

మాజీ_హవల్దార్
@ఉదయగిరి_గాలి పోయినవాడు మన ఊరివాడు. ఏ జెండా కింద పోయాడో వాడి తల్లి అడగలేదు.

@చావడిఅరుగు పేర్లు వెతకొచ్చు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్లో మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన భారతీయ సైనికుల రికార్డులు ఉచితంగా దొరుకుతాయి. చాలావాటిలో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. మనవైపువాళ్లు ఎక్కువగా కర్నాటక్ ఇన్‌ఫెంట్రీ పటాలాల్లో, మద్రాస్ సాపర్స్‌లో (సైన్యపు ఇంజనీరింగ్ దళం) కనిపిస్తారు. కాలాళ్ల పటాలాలు 1922లో కలిపేసి మద్రాస్ రెజిమెంటు చేశారు, 1928కి అదీ పోయింది. అది మళ్లీ లేచింది 1941లో.

జిల్లా పేరుతో వెతికేటప్పుడు అప్పటి హద్దులు గుర్తుపెట్టుకోండి. గిద్దలూరు, కంభం, మార్కాపురం వాళ్లు కర్నూలు కింద ఉంటారు. ఒంగోలు వాళ్లు గుంటూరు కింద. కనిగిరి, కందుకూరు, దర్శి, పొదిలి నెల్లూరు కింద. ప్రకాశం జిల్లా పుట్టిందే 1970లో. మెసపొటేమియాలో పోయి సమాధి దొరకనివాళ్లు బస్రా స్మారకం కింద వస్తారు. అక్కడి గోడల మీద మన సిపాయిల పేర్లు చెక్కలేదు, సంఖ్య మాత్రమే వేశారు, పేర్లు రికార్డులోనే ఉన్నాయి. కాబట్టి మీ చావడి పలకలో అంకె పక్కన పేర్లు తేవడం చిన్న పని కాదు.

చావడిఅరుగు
పేర్లు దొరికితే పలక మీదే చెక్కించొచ్చా?

మాజీ_హవల్దార్
వద్దు. పాత పలక పాత పలకలాగే ఉండాలి. కింద వేరే బండ పెట్టించండి. చీమకుర్తి నల్ల గ్రానైటు మీద అక్షరం 3, 4 మిల్లీమీటర్ల లోతు. తెలుగులో. ‘ఇంటి పేరు, పేరు, తండ్రి పేరు, పటాలం, పోయిన ఏడు’ చాలు. ‘అమర వీరులకు జోహార్లు’, దాని కింద బండ ఇచ్చిన దాత ఫొటో అని మొదలుపెడితే దాత పేరే పెద్దదవుతుంది.

పలకబలపం
దాత పేరు, దాత కొడుకు పేరు, ప్రారంభించిన నాయకుడి పేరు, సందులో చోటుంటే వీరుడి పేరు.

కావలి_ఉప్పుగాలి
కార్గిల్ జవాను విగ్రహం ఒకటి మా సెంటర్లో ఉంది, సిమెంటుది. చేతుల దగ్గర పగుళ్లు, తుప్పు కారుతోంది. ప్రతి ఆగస్టు 15కీ రంగు వేసి కప్పేస్తున్నారు.

సున్నంబట్టీ
@కావలి_ఉప్పుగాలి రంగు కింద ఇనుము ఉబ్బుతోంది. సముద్రపు గాలికి చేతుల్లాంటి సన్నటి చోట, లోపలి రాడ్డు మీద సిమెంటు అర అంగుళం కూడా ఉండదు. పగులు మూసేస్తే ఆగదు. పగులు వెంబడి తెరిచి, రాడ్డు మీది తుప్పు మెరిసేదాకా తీసి, జింక్ ప్రైమర్ రెండు పూతలు. ఆరాక పాలిమర్ కలిపిన సిమెంటు మోర్టారుతో నింపాలి. రాడ్డు సగం కంటే ఎక్కువ తినేసి ఉంటే పక్కన కొత్తది కట్టాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో నింపేవాడిని దగ్గరికి రానీయొద్దు, మొదటి వానకే కారిపోతుంది. (ఇది సిమెంటు విగ్రహానికి మాత్రమే. వీరగల్లు వాళ్లు ఇది చదివి మోర్టారు పట్టుకురాకండి.)

గుండ్లకమ్మ_నీళ్లు
ఇంత కష్టం ఎందుకు, మ్యూజియానికి ఇచ్చేయండి. దొంగల భయం లేదు, రోడ్డు గొడవ లేదు.

వెలికొండనీడ
@గుండ్లకమ్మ_నీళ్లు చివరి దారి అది. మ్యూజియం వరండాలో ఆ రాయికి ఒక నంబరుంటుంది, ఊరుండదు.

కారంపూడి చూడండి. పల్నాటి వీరుల గుళ్లో ఉన్నవి లింగాలే, గొప్ప శిల్పాలు కావు. అయినా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు జనం పోతారు. ఆ రోజులకి పేర్లున్నాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీరాచారవంతులు (ఆ వీరుల్ని కొలిచేవాళ్లు) తమ ఇంటి కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, ఎత్తుకుని వస్తారు, నాగులేట్లో స్నానం చేయిస్తారు. ప్రతి ఇంటికీ ఒక ఆయుధం, ఒక పని, ఒక రోజు. అంతకన్నా గట్టి గ్రిల్లు ఉంటుందా? మనవైపు గొల్లలు కాటమరాజు కథని కొలుపుల్లో పాడుతూ నిలబెట్టారు. కాటమరాజుతో పోరాడిన ఖడ్గ తిక్కన ఎవరో బడికెళ్లని ముసలమ్మ కూడా చెప్పగలిగింది ఆ పాట వల్లే.

శాసనాలపిచ్చి
@వెలికొండనీడ పాట నిలిచింది సరే, అందులో చరిత్ర ఎంతో తేల్చాలంటే రాయి ఉండాలి. అద్దంకిలో చాళుక్య సేనాని పండరంగడి శాసనం దొరకబట్టి గదా ఆయన 12 బోయ కొట్టాలు (బోయల స్థావరాలు) పట్టిన సంగతి తెలిసింది. పాట ఒక్కటే ఉంటే ఆ 12 ఈపాటికి 1200 అయ్యేవి. రెండూ కావాలి.

పెన్నఒడ్డు
రాత్రి టార్చి పట్టి చూశాం. పై వరస మొదట్లో ‘స్వస్తిశ్రీ’ తెలుస్తోంది. తర్వాత రంగు నిండిపోయింది. రెండో వరసలో ‘శక’ లాగా ఉంది, అంకె అనుకున్నది అంకెనో పగులో తెలియడం లేదు. సర్వేయరు చూశాడు, చెరువు పోరంబోకే. తీర్మానం వచ్చే గ్రామసభలో. జేసీబీ ఆగింది, కుర్రోళ్లు మాత్రం ‘మరి మేమేం చేయాలి, ఊరికే కూర్చోవాలా’ అంటున్నారు.

శాసనాలపిచ్చి
అంకెనో పగులో ఒక్కటే పరీక్ష. టార్చి ఎడమ నుంచి కుడికి మార్చండి. చెక్కిన గాడి అయితే నీడ అటునుంచి ఇటు మారుతుంది, రెండు అంచులూ నున్నగా కనిపిస్తాయి. పగులైతే అక్షరం హద్దు దాటి పోతుంది. ఊహించి ఎవరికీ చెప్పొద్దు, ఫొటోలు మైసూరులో కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. కాగితం నకలు వాళ్లు తీసుకుంటారు. తడి కాగితం రాయికి అంటించి బ్రష్‌తో కొట్టి, ఆరీఆరకముందు మసి అద్దే పని అది, నేర్చుకోకుండా చేస్తే మసి రాయిలోకి దిగుతుంది.

సర్వేనంబరు
కుర్రోళ్ల శక్తి గార్డు రాళ్లకి పెట్టించండి. మలుపులో రాయి కాబట్టి అసలు ప్రమాదం రివర్సు తీసే లారీలది. రోడ్డువైపు మీటరు ఎడంగా మూడు గార్డు రాళ్లు, పైన అడుగున్నర కనిపించేట్టు, తెలుపు నలుపు రంగు, రిఫ్లెక్టరు స్టిక్కరు. రంగు వేసే సరదా దాంతో తీరుతుంది. బోర్డు కూడా రాయికి అయిదడుగుల దూరంలో సొంత కాళ్ల మీద నిలబడాలి. రాయికి మేకు కొట్టొద్దు, తీగ కట్టొద్దు.

వెలికొండనీడ
రోజు కూడా చూసుకోండి. ఆవుల కోసం పడినవాడికి కనుమ కన్నా మంచి రోజు ఏముంది? ఊళ్లో ఉన్న ఆ నాలుగు పశువుల్నీ ఆ రోజు రాయి ముందు నుంచి తోలండి. వీరన్న ఎవరో, ఆ రాతలో ఏముందో బడిపిల్లల్లో ఒకరు చదవాలి. చదివే వంతు ఏటా ఒక వీధిది.

పలకబలపం
పశువుల్లేని వీధివాళ్లు ట్రాక్టర్లు తోలొచ్చా? దానికీ పసుపు కుంకుమ పెడతారుగా.

వెలికొండనీడ
తోలొచ్చు. రాయికి మూడు గజాల దూరంలో, ఫస్టు గేరులో.

పెన్నఒడ్డు
కనుమ బాగుంది. అయితే దీపం బండ, చుట్టూ గచ్చు ఆ లోపే పూర్తి కావాలి. ఎప్పుడు మొదలుపెట్టాలి?

సున్నంబట్టీ
కార్తీకంలో పెట్టుకోవద్దు, మనకి వానలూ తుపాన్లూ అప్పుడే. ఎండాకాలమూ వద్దు, రోహిణీ కార్తెలో సున్నం పట్టు రాకముందే ఆరి పొడి అవుతుంది. సున్నం ఇప్పుడే నానేయండి, గచ్చు ధనుర్మాసం మొదట్లో వేయండి. వేసిన రోజు నుంచి పది రోజులు తడి గోతాలు కప్పి రోజుకి మూడుసార్లు తడపాలి. కుర్రోళ్లు పని అడుగుతున్నారుగా, పొద్దున ఎవరు, మధ్యాన్నం ఎవరు, సాయంత్రం ఎవరు అని పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి. మధ్యాన్నం వంతుకి ఇద్దర్ని వేయండి, ఒకడు ఎట్టాగూ నిద్రపోతాడు.